లింబాయత్‌లో బోణీ

2020 జూన్‌లో సూరత్ దగ్గరి హజీరాలోని ఒక పెద్ద ఫ్యాక్టరీ కాంట్రాక్టు ఇంజనీర్లను ఇళ్లకు పంపేసింది. వాళ్లలో కోమలి ఒకతె, ఆదర్శ్ ఒకడు. ఆమెది సామర్లకోట, అతనిది తెనాలి. నాలుగేళ్లు పక్కపక్క బల్లల దగ్గర కూర్చుని మీటర్లు, సెన్సర్లు చూసుకున్నారు. ఊళ్లకు వెళ్దామంటే రైళ్లు సరిగా లేవు, వెళ్లినా అక్కడ చేసేదేమీ లేదు. అందుకని కంపెనీ పెట్టారు.

కంపెనీకి పేరు ఉంది, గుర్తు ఉంది, పద్నాలుగు స్లైడ్లు ఉన్నాయి. అమ్మాల్సిన వస్తువే లేదు. అది ఎలా ఉండాలో మాత్రం ఇద్దరికీ బాగా తెలుసు. ప్రతి మరమగ్గానికీ అగ్గిపెట్టంత డబ్బా ఒకటి బిగిస్తారు. మగ్గం ఆగిన వెంటనే ఆ సంగతి యజమాని ఫోన్లో కనిపిస్తుంది. ఏది రోజుకు ఎన్నిసార్లు ఆగింది, ఎంతసేపు ఆగింది, రంగురంగుల గీతల్లో చూసుకోవచ్చు. ఇంట్లో కూర్చునే కార్ఖానా నడుపుకోవచ్చు. గడప దాటితే జబ్బు వచ్చే కాలంలో ఇంతకన్నా మంచి ఆలోచన ఉండదని ఆదర్శ్ మూడో స్లైడులో రాశాడు.

ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో కోమలి ముప్పై ఒక్క మంది యజమానులను కలిసింది. సూరత్‌లో మగ్గాలు నడిపే కారీగర్లు సగానికి సగం లాక్‌డౌన్‌లో ఊళ్లకు పోయి తిరిగి రాలేదు. "మగ్గాలు ఆగే ఉన్నాయమ్మా. ఆగాయని చెప్పడానికి మళ్లీ డబ్బా ఎందుకు?" అని ఒకాయన అడిగాడు. దగ్గర్లోని కిమ్ అనే ఊళ్లో ఒకాయన పద్నాలుగు స్లైడ్లూ ఓపిగ్గా చూసి, చాలా బాగున్నాయని మెచ్చుకుని, తన కూతురి పెళ్లికార్డు కూడా ఇలాగే చేసిపెడతారా అన్నాడు.

ముప్పై రెండో మనిషి సోమలింగం.

అతని కార్ఖానా లింబాయత్‌లో, రెండు ఆటోలు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాల్సిన సందులో ఉంది. లోపల రెండు వరసల్లో ఇరవై నాలుగు సాంచెలు. అక్కడి తెలంగాణవాళ్లు మరమగ్గాన్ని సాంచె అంటారు. సోమలింగం పదిహేనో ఏట సిరిసిల్ల నుంచి కారీగర్‌గా వచ్చాడు. ఇప్పుడు యాభై ఎనిమిదేళ్లు, సొంత కార్ఖానా. గుమ్మం పక్క చిన్న గదిలో కోమలి ల్యాప్‌టాప్ తెరిచి మొదలుపెట్టబోతుంటే చెయ్యెత్తి ఆపాడు.

"జర మాస్కు కిందికి గుంజు, మేడం."

కరోనా అంతా అబద్ధమని వాదించే యజమానులు ఆమెకు అప్పటికే ముగ్గురు తగిలారు. ఇతనూ ఆ జాతే అనుకుంది. రెండడుగులు వెనక్కి జరిగి మాస్కు దించింది. చెబుతున్నంతసేపూ అతను స్క్రీను చూడలేదు, ఆమె నోటి వంకే చూశాడు. అది ఆమెకు నచ్చలేదు. రెండో స్లైడు పూర్తికాక ముందే అతను వేలు పెట్టి ఆపాడు.

"ఎప్పుడు పెడ్తవ్?"

ఈ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదు. స్లైడ్లలో దీనికి జవాబు లేదు.

"ఆరు వారాలండీ" అంది కోమలి, నోటికి వచ్చిన అంకె.

"సోమారం పెట్టు."

"సోమవారానికి కాదండీ, ఇంకా కొంచెం..."

"మంగళారం పెట్టు."

ఆ తర్వాత మూడు సంగతులు అడిగాడు. సాంచె ఆగితే డబ్బా మోగుతుందా? కావాలంటే మోగేలా చేస్తామంది. "వద్దు. మోగద్దు" అన్నాడు. జేబులో ఫోను వణుకుతుందా? వణుకుతుందంది. కారీగర్లకు చెప్పాలా? చెప్పకపోయినా పనిచేస్తుందంది. రంగురంగుల గీతల స్లైడు వచ్చినప్పుడు, తినేసిన పళ్లెం పక్కకు జరిపినట్టు ల్యాప్‌టాప్‌ను పక్కకు జరిపాడు. ఖరీదు అడగనే లేదు.

ఆదర్శ్ ఆ సాయంత్రం బిర్యానీ తెప్పించాడు. "మా తొలి కస్టమర్" అని పదిహేనో స్లైడు చేశాడు. కోమలి దాని వైపు చాలాసేపు చూసి, "ఇప్పుడు డబ్బా చేయాలి" అంది.

"చేద్దాం" అన్నాడు ఆదర్శ్.

చేయడం అంత తేలిక కాదు. కావాల్సిన ముక్కలు కొన్ని ఎక్కడో విదేశంలో, కొన్ని ఢిల్లీ గోదాములో ఇరుక్కుపోయాయి. సోమలింగం మాత్రం రోజూ పదింటికి ఫోన్ చేసేవాడు. "అయిందా?" అని అడిగి, ఆమె ఏం చెప్పినా "ఆఁ, మంచిది" అని పెట్టేసేవాడు. ఒకరోజు ఆమె విసిగిపోయి, సామాను ఇంకో నెలదాకా రాదని గట్టిగా చెప్పింది.

"ఆఁ, మంచిది. రేపు పట్కరా" అన్నాడు.

"కుదరదు అనే మాట ఆయనకు ఎక్కదు" అని ఆమె ఆదర్శ్‌తో వాపోయింది. పెద్ద పెద్ద వ్యాపారస్థులంతా అలాగే ఉంటారని ఆదర్శ్ అన్నాడు.

దసరా వెళ్లిన వారానికి సోమలింగం స్వయంగా వచ్చాడు. కంపెనీ ఆఫీసు అంటే పాల్ ప్రాంతంలో ఆదర్శ్ అద్దెకుంటున్న ఫ్లాటు బాల్కనీ. అక్కడ ఒక టేబుల్ ఫ్యానుకు టేపుతో అంటించిన సర్క్యూట్ ముక్క, దానికొక ఎర్ర లైటు ఉన్నాయి. ఫ్యాను ఆగితే లైటు వెలుగుతుంది. ఇది చూసి ఆయన ఎంత మండిపడతాడో అని కోమలి గోడకు ఆనుకుని నిలబడింది. సోమలింగం ఫ్యాను ఆపాడు. లైటు వెలిగింది. మళ్లీ వేశాడు, ఆరింది. అలా ఎనిమిదిసార్లు చేశాడు.

"పనిజేస్తున్నది గదా" అన్నాడు.

"ఫ్యాను మీద పనిచేస్తోందండీ. మగ్గం మీద ఇంకా చూడలేదు."

"ఎన్నొద్దులైతది?"

ఆమె మాస్కు దించుకుని, నిజం చెప్పింది. "మూడు నెలలు పట్టొచ్చండీ. మీకు అమ్మడానికి మా దగ్గర ఇంకా ఏమీ లేదు. ముందే చెప్పాల్సింది."

సోమలింగం ఫ్యాను వంక చూశాడు, ఆమె వంక చూశాడు.

"డబ్బ అచ్చేదాంక నువ్వే అచ్చి కూసో."

"నేనా?"

"సాంచె ఆగంగనే నాకు ఫోన్ కొట్టు. నేను ఎత్త. వణికితె సాలు."

ఆదర్శ్ దీన్ని చాలా పెద్ద అవకాశం అన్నాడు. అవకాశం పెద్దదైతే తనే వెళ్లి కూర్చోవచ్చు కదా అని కోమలి అంది. స్లైడ్లు ఎవరు చూస్తారని అతను అడిగాడు.

అలా నవంబరు మొదటి సోమవారం నుంచి కోమలి పొద్దున్నే షేర్ ఆటో ఎక్కి లింబాయత్ వెళ్లడం మొదలైంది. నూలు కండెల పెట్టె ఒకటి బోర్లించి, రెండు వరసలూ కనిపించే మూలన కూర్చునేది. లోపలి చప్పుడుకు మాట వినపడదు, పక్కన నిలబడి అరిచినా వినపడదు. అక్కడ అందరూ చేతులతో, పెదాలతో మాట్లాడుకుంటారు. ఏదో పోగు తెగి ఒక సాంచె ఆగుతుంది. కోమలి సోమలింగం నంబరు నొక్కుతుంది. ఎడమ వరస అయితే ఒక్కసారి, కుడి వరస అయితే రెండుసార్లు. అతను చొక్కా జేబు మీద చెయ్యేసుకుని, వరస పొడవునా కళ్లు పరిగెత్తించి, నేరుగా ఆగిన దాని దగ్గరికి వెళ్లేవాడు. ముందు పన్నెండు మంది ఉండేవాళ్లు, ఇప్పుడు నలుగురే మిగిలారు. ఆరేసి మగ్గాల చొప్పున చూసుకుంటూ ఊపిరాడక ఉన్నారు. అందుకే యజమాని కూడా ముడులు వేసేవాడు.

నలుగురు కారీగర్లకూ ఆమె ఎవరో చెప్పలేదు. ఫోను పట్టుకుని మూల కూర్చుని అందర్నీ చూస్తూ, మాటిమాటికీ ఎవరికో ఫోన్ చేసే మనిషి మున్సిపాలిటీ నుంచి మాస్కులు తనిఖీ చేయడానికి వచ్చిందని వాళ్లు తేల్చుకున్నారు. ఆమె తలెత్తినప్పుడల్లా మెడ మీది మాస్కులు ముక్కు మీదికి ఎక్కేవి. నాలుగో రోజు, వాళ్లలో పెద్దవాడు అంబదాస్ టీ తెచ్చిచ్చి, బయటికి పిలిచి అడిగాడు.

"మేడం, ఇంకెన్నొద్దులు ఉంటది మీ డ్యూటీ?"

"మీ శేఠ్‌ని అడగండి" అంది కోమలి.

అంబదాస్ లోపల ముడి వేస్తున్న శేఠ్ వీపు వంక చూసి, ఖాళీ గ్లాసు తీసుకున్నాడు.

రెండో వారంలో సోమలింగం భార్య పద్మారాణి వచ్చింది. అన్నం క్యారియరు తేవడం ఆమెకు అలవాటు లేదు, ఆ రోజు తెచ్చింది. ఆ పొద్దునే భర్త సిమ్ము కొత్త ఫోన్లోకి మార్చి ఇంట్లో వదిలేసిన పాత ఫోనును, రసీదు పట్టుకున్నట్టు చేతిలో పట్టుకుని ఉంది. అందులో ఒకే పేరు మీద ముందురోజు వచ్చిన మిస్డ్ కాల్స్ రెండు వందల పదహారు. కోమలి ఎవరని అడిగితే భర్త "మిషన్ పని" అన్నాడట. ఆమె మూలన నిలబడి అరగంట చూసింది. కోమలి నొక్కడం, మొగుడు ఉలిక్కిపడి పరిగెత్తడం, ముడి వేయడం, మళ్లీ నొక్కడం. అనుమానం తీరింది గానీ మనసు కుదుటపడలేదు. కోమలిని గదిలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టింది.

"నేను ఫోన్ జేస్తె ఎత్తడు. ఇంట్ల పిలిస్తె పలకడు. నీది వణకంగనే ఉర్కుతున్నడు" అంది.

"పని కదండీ" అంది కోమలి.

"గంతే గదా. పనికైతె ఉర్కుతడు." పద్మారాణి క్యారియరు విప్పి, ఆమెకు కూడా ఒక గిన్నెలో అన్నం పెట్టింది. "తిను బిడ్డా. నీదేం తప్పు."

ఆ నెలాఖరులో ఒకరోజు మధ్యాహ్నం సందు చివర ట్రాన్స్‌ఫార్మర్‌లో ఏదో కాలి కరెంటు పోయింది. ఇరవై నాలుగు సాంచెలూ ఒక్కసారిగా ఆగాయి. కోమలి అక్కడ నిశ్శబ్దం వినడం అదే మొదటిసారి. బయట కూరగాయల బండివాడి కేక, పై అంతస్తులో పిల్లాడి ఏడుపు లోపలికి వచ్చాయి. కారీగర్లు చేతులు దులుపుకుని గుమ్మం వైపు నడిచారు. సోమలింగం ఒక్కడే అప్పటికే ఆగి ఉన్న ఒక మగ్గం మీద వంగి, వీపు ఇటు పెట్టి, పడుగు పోగులు కలుపుతున్నాడు.

"సోమలింగం గారూ, కరెంటు పోయిందండీ" అంది కోమలి. వాళ్లిద్దరికీ మధ్య నాలుగడుగుల దూరం ఉంది.

అతను తిరగలేదు.

"సోమలింగం గారూ!"

అతను ఇంకో పోగు తీసుకుని, కొనలు నోటితో తడిపి, ముడివేశాడు. కోమలి గుమ్మం వైపు చూసింది. నలుగురు కారీగర్లూ నిలబడిపోయి, నేల చూస్తున్నారు. అంబదాస్ ఆమె కళ్లలోకి చూసి, వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. ఆమె ఫోను తీసి నంబరు నొక్కింది. సోమలింగం జేబు తడుముకుని లేచి, తలెత్తి, కదలని సాంచెలను చూశాడు.

"లైట్ పోయినట్టున్నది" అన్నాడు అందరితో.

"పోయింది శేఠ్" అని నలుగురూ తలలూపారు.

అప్పుడు ఆమెకు మాస్కు సంగతి తెలిసింది, ఫోన్లో "మంచిది" సంగతి కూడా. టీ కొట్టు దగ్గర అంబదాస్ మిగతాది చెప్పాడు. శేఠ్‌కు చెవులు పోవడం మొదలై పన్నెండేళ్లయింది. నలభై ఏళ్లు ఆ చప్పుడులో ఉన్నవాడికి అది కొత్తేం కాదు, తనకూ ఎడమ చెవి సరిగా పనిచేయదు. లోపల ఎవరికీ వినపడదు కాబట్టి అక్కడ ఎవరూ కనిపెట్టలేరని శేఠ్ నమ్మకం. బయట జనం పెదాలు చూసి నెట్టుకొచ్చేవాడు. కరోనా వచ్చి అందరి మూతులకూ గుడ్డ కట్టేసరికి చిక్కొచ్చిపడింది.

"మెషిన్ ఆగితె ముందల కాళ్లకు తెలుస్తుండె. నేల అదురు మారుతది గదా. ఇప్పుడు కాళ్లు గూడ గంతంత మాత్రమే" అన్నాడు అంబదాస్.

"మీ అందరికీ తెలుసని ఆయనకు తెలుసా?"

"తెల్వది. తెలిస్తె ఇజ్జత్ పాయె అనుకుంటడు. మేమైతె సైగల్తోనే చెప్తం. మీరు గూడ తెల్వనట్టే ఉండుండ్రి."

కోమలి తెలియనట్టే ఉంది. అప్పటినుంచి అతనితో మాట్లాడాలంటే ముందు ఎదురుగా వెళ్లి నిలబడి, మాస్కు దించి, మాట మాటకూ కొంచెం ఎడం ఇచ్చేది. ఫోన్లో చెప్పడం మానేసి మెసేజీలు రాసింది. అతను ఒక్కరోజు కూడా ఎందుకని అడగలేదు.

ఆదర్శ్‌కు చెబితే అతను రంగురంగుల గీతల స్లైడు తెరిచి చూశాడు.

"అంటే మన గీతలు ఆయనకు అక్కర్లేదు."

"అక్కర్లేదు. వణుకు కావాలి. ఫోను కూడా కాదు, చేతికి కట్టుకునేదైతే ఇంకా మంచిది."

"వినపడని ఒక ముసలాయన కోసం కంపెనీ పెట్టామా మనం?"

"ఈ ఊళ్లో నలభై ఏళ్లు సాంచెలు నడిపినవాళ్లు ఎంతమంది ఉంటారు ఆదర్శ్?"

ఆదర్శ్ ఆలోచించాడు. "వేలల్లో ఉంటారు. కానీ ఒక్కడూ ముందుకొచ్చి నాకు వినపడదు అనడు. సమస్య ఏమిటో చెప్పే స్లైడులో ఏం రాయాలి?"

ఆ స్లైడు ఖాళీగా ఉండిపోయింది.

జనవరిలో సామాను వచ్చింది. మొదటి డబ్బా మగ్గానికి బిగించి చూస్తే, ఆగిన మగ్గం కూడా నడుస్తున్నట్టే చూపించింది. పక్కవాటి అదురుకు నేలంతా ఊగుతోంది, ఆ ఊపుకు ఆగినదీ ఊగుతోంది. కోమలి మూడు వారాలు తల పట్టుకుంది. చివరికి అంబదాస్ చూసి చూసి, "మేడం, సాంచె ఊగుడు ఎందుకు జూస్తున్నరు? చక్రం తిరుగుతున్నదా లేదా చూడుండ్రి" అన్నాడు. ఆమె చక్రానికి చిన్న అయస్కాంతం అతికించి, ఎదురుగా సెన్సర్ పెట్టింది. అది పనిచేసింది. ఆదర్శ్ స్లైడ్లు మూసేసి డబ్బాలు అతికించడానికి కూర్చున్నాడు. మార్చి చివరికి పదకొండు డబ్బాలు, గడియారంలాంటి పట్టీ ఒకటి తయారయ్యాయి.

ఏప్రిల్‌లో కోమలికి జ్వరం వచ్చింది. ఆ నెలలో సూరత్‌లో ఎటు చూసినా అదే. అడాజన్‌లో తన అద్దెగదిలో ఒంటరిగా పడుకుంది. ఆదర్శ్ రోజూ తలుపు బయట అన్నం పెట్టి, తలుపు తట్టి, మెట్ల దాకా పరిగెత్తి అక్కడినుంచి ఎలా ఉందని అరిచేవాడు. ఆరో రోజు మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి వీడియో కాల్ వచ్చింది. ఎత్తితే సోమలింగం ముఖం తెరంతా నిండి ఉంది. సిరిసిల్లలో ఉన్న చెల్లెల్ని చూడటానికి పద్మారాణి వీడియో కాల్ నేర్చుకుంది, అది ఆమె ఫోను.

"ఎట్లున్నవ్ బిడ్డా?"

"దగ్గు తగ్గలేదండీ. ఆక్సిజన్ తొంభై ఆరు ఉంది, పరవాలేదన్నారు. అన్నం రుచి తెలియట్లేదు."

"రుచి తెల్వకున్న తినాలె. తొంభై ఆరు మంచిదే."

కోమలి తలగడ మీంచి లేచి కూర్చుంది. ఏడు నెలల్లో ఫోన్లో ఆమె మాటకు అతను సరైన జవాబు చెప్పడం ఇదే మొదలు. అతనికీ ఆ సంగతి తట్టినట్టుంది. సంబరంగా అనేశాడు.

"గిట్ల ముఖం అవుపడితె మంచిగ ఇనవడ్తది."

అన్న తర్వాత నోరు మూశాడు.

"నీకు ఎర్కనేనా?"

"తెలుసండీ."

"ఎప్పటి సంది?"

"కరెంటు పోయిన రోజు నుంచి."

"మరి చెప్పకపోతివి."

"మీరూ చెప్పలేదు కదండీ."

అతను గడ్డం గోక్కున్నాడు. "కారీగర్లకు ఎర్కనా?"

జ్వరం వల్లనో, మాట ఎడం ఇచ్చి పలకడం అలవాటైపోవడం వల్లనో, ఆమె అబద్ధం వెతుక్కోలేకపోయింది. "అందరికీ తెలుసండీ. మొదటినుంచీ తెలుసు. మీరు చిన్నబుచ్చుకుంటారని ఊరుకున్నారు."

తెర ఊగింది. ఫోను ఎవరో లాక్కున్నారు. పద్మారాణి ముఖం కనిపించింది.

"ఏం తెలుసు బిడ్డా?"

కోమలి చెప్పింది. పద్మారాణి భర్త వైపు తిరిగింది. ఆమె గొంతు పెద్దది కాలేదు.

"పన్నెండేండ్ల సంది నా మాటంటె లెక్కలేదనుకుంటున్న. ఎనుకనుంచి పిలిచి పిలిచి యాష్టకొచ్చి పిలుసుడే బంద్ జేసిన. నాకు జెప్పద్దా?"

సోమలింగం ఏమన్నాడో కోమలికి వినపడలేదు. ఫోను పైకప్పు వైపు తిరిగి, పంఖా ఒకటి కొంతసేపు కనిపించి, కాల్ ఆగిపోయింది.

ఆ తర్వాత అతని దగ్గర్నుంచి ఏ కబురూ లేదు. కోమలి మే మధ్యకు కోలుకుంది. ఉన్న ఒక్క కస్టమర్‌ను నిజం చెప్పి పోగొట్టుకున్నానని ఆదర్శ్‌తో అంది. అతను పన్నెండో డబ్బా అతికించాడు. జూన్ రెండో వారానికి ఇరవై నాలుగూ తయారయ్యాయి. వాటిని సంచిలో వేసుకుని ఇద్దరూ లింబాయత్ వెళ్లారు.

కార్ఖానా మునుపటిలాగే మోగుతోంది. ఎడమ వరసలో ఒక సాంచె ఆగింది. అంబదాస్ రెండడుగులు వేసి సోమలింగం భుజం మీద తట్టి, వేలితో చూపించాడు. అంతే. సోమలింగం వెళ్లి ముడివేసి వచ్చి, వీళ్లను గదిలోకి తీసుకెళ్లాడు. అన్ని డబ్బాలూ బల్లమీద పరిచి, ఒక్కొక్కటీ తిప్పి చూశాడు.

"మంచిగ జేసిండ్రు. నాకైతె ఇగ అక్కర లేదు బిడ్డా."

ఆదర్శ్ కుర్చీలో కూర్చున్నాడు.

"అందరికీ ఎర్కనే అయినంక దాసుడెందుకు? భుజం తడుతున్నరు, నడుస్తున్నది." అతను పట్టీని చేతికి కట్టుకుని, విప్పి, మళ్లీ బల్లమీద పెట్టాడు. "పదిహేనేండ్లప్పుడు నేను పనికి జేరిన కాడ శేఠ్‌కు చెవులు పోయినయి. ఆయన ఎనుక నిలవడి ఆయన లెక్కనే నడుస్తుంటి, ఆయన లెక్కనే 'హా, హా' అంటుంటి. అందరు నవ్వుతుండ్రి. అందర్ల కంటె మంచిగ నేనే జేస్తుంటి. నాకు గట్లైనంక, నా ఎనుక ఎవలు జేస్తున్నరో అని పన్నెండేండ్లు భయమైంది. చెవుల పెట్టుకునే మిషన్ గూడ కొన్న. పెట్టుకుంటె కానవడ్తది, ఇక్కడైతె చప్పుడు ఇంకింత అయితది. బీరువల ఉన్నది."

"ఇక్కడ ఎవరూ అలా చేయలేదండీ" అంది కోమలి.

"ఎవలు జెయ్యలే. అంబదాస్‌ను అడిగిన." అతను కాసేపు గుమ్మంలోంచి సాంచెల వైపు చూశాడు. "నేను జేసిన."

ఆదర్శ్ డబ్బాలు తిరిగి సంచిలో వేయడం మొదలుపెట్టాడు. అప్పుడు పద్మారాణి వచ్చింది. ఈమధ్య రోజూ క్యారియరు ఆమే తెస్తోంది. సంగతి విని, సంచిలోంచి ఒక డబ్బా తీసింది.

"గిది నొక్కితె ఆయన చేతికి వణుకుతదా?"

"ఇది మగ్గానికండీ, చక్రం ఆగితేనే..." అన్నాడు ఆదర్శ్.

"చేయొచ్చు. బటన్ పెట్టి ఇస్తాను" అంది కోమలి.

"వంటింట్ల పెట్టు. ఎంత?"

ఖరీదు అడిగిన తొలి మనిషి ఆమే. ఆ అంకె కూడా ఏ స్లైడులోనూ లేదు. కోమలి నోటికొచ్చిన ధర చెప్పింది. పద్మారాణి సగానికి అడిగింది. కొంగుముడి విప్పి, ఒప్పుకున్నది అక్కడే ఇచ్చేసింది. ఆదర్శ్ ఆ నోట్లు లెక్కపెట్టకుండా చొక్కా జేబులో పెట్టుకుని, జేబు మీద చెయ్యి తియ్యలేదు.

రెండు రోజుల్లో వంటింట్లో బటన్ పడింది. వారం తర్వాత కోమలి ఎలా పనిచేస్తోందో కనుక్కోవడానికి వెళ్లింది. సోమలింగం చేతికి పట్టీ ఉంది. పప్పు ఉడికిందని ఒకసారి, వర్షం వస్తోందని ఒకసారి, ఊరికే ఒకసారి, పొద్దున్నుంచి ముప్పైసార్లు వణికిందట. పని మాత్రం బాగుందన్నాడు. తర్వాత బండి తాళం తీసుకుని, "నడువు, పర్వత్ పాటియా పోదాం" అన్నాడు.

"ఎవరి దగ్గరికండీ?"

"దేవదాస్ అని మా దోస్తు. ముప్పై ఆరు సాంచెలున్నయి. నాకంటె ఎక్కువ పోయినయి ఆయనకు. ఎవలికి తెల్వదనుకుంటడు. నాకు ఎనిమిదేండ్ల సంది ఎర్క." బండి మీద దారి పొడవునా వెనక్కి తిరిగి తిరిగి జాగ్రత్తలు చెప్పాడు. చెవుల మాట ఎత్తకూడదు. ఎందుకు కావాలని అడగకూడదు. తను చెప్పాడని అసలే చెప్పకూడదు. "గిసొంటోళ్లు మా సమాజంల ఇంక ఎనిమిది మంది ఉన్నరు. ముందల ఆయనకు పెట్టు, తర్వాత చెప్త."

"మీరు ముందు చూసి నడపండి" అంది కోమలి. అతని వీపు ఆమె వైపు ఉంది, వినపడలేదు. భుజం తట్టి, వేలితో రోడ్డు చూపించింది.

దేవదాస్ కార్ఖానా గుమ్మంలోనే ఎదురొచ్చాడు. ఇద్దరూ మాస్కులతోనే పది నిమిషాలు మాట్లాడుకున్నారు. దేవదాస్ నూలు దొరకడం లేదని చెప్పాడు. సోమలింగం మోకాళ్లు పరవాలేదన్నాడు. దేవదాస్ తల ఊపి, ఈసారి వానలు తక్కువేనన్నాడు. అవును, పెండ్లి మంచిగ అయిందని సోమలింగం అన్నాడు. ఇద్దరూ తృప్తిగా నవ్వుకున్నారు.

కోమలి ఒక కుర్చీ లాగి దేవదాస్‌కు సరిగ్గా ఎదురుగా, వెలుతురు తన ముఖం మీద పడేటట్టు వేసుకుంది. ల్యాప్‌టాప్ సంచిలోనే ఉంచింది. మాస్కు గడ్డం కిందికి దించి, నెమ్మదిగా, మాట మాటకూ ఎడం ఇస్తూ, తన పేరు చెప్పింది.